ఇంటర్ మెమోతో మొదలయ్యే దారి
(ఉద్యోగం మారి నర్సింగ్‌లో చేరదలచినవారి కోసం కొండాపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీకీ గచ్చిబౌలికీ ఆనుకుని ఉన్న ఈ కొండాపూర్‌లో నర్సింగ్ గురించి సభ పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఇక్కడ సాఫ్ట్‌వేర్ కార్యాలయాలతో పాటు ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కార్పొరేట్ ఆసుపత్రులూ ఉన్నాయి. కంపెనీలు మనుషులను తగ్గించుకుంటున్న ఈ కాలంలో టెస్టింగ్‌లోనూ, కాల్ సెంటర్లలోనూ, బిల్లింగ్ పనుల్లోనూ ఉన్న మన యువతీ యువకులు ఆ ఆసుపత్రుల వైపు చూస్తున్నారు. వారు తరచుగా వేసే ప్రశ్న ఒకటే: "మాకు డిగ్రీ ఉంది, ఐదారేళ్ల అనుభవం ఉంది. ఏడాదిన్నరలో నర్సు కావచ్చునట, నిజమేనా?"

మేము చెప్పే జవాబు సూటిగా ఉంటుంది. అమెరికాలో అది నిజం, భారతదేశంలో నిజం కాదు. ఈ తేడా తెలియక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినవారు సమయాన్నీ సొమ్మునూ రెంటినీ కోల్పోతారు. అందుకే ఈ రోజు ఉపదేశాలు పక్కనపెట్టి, దారుల లెక్క మాత్రమే మీ ముందుంచుతున్నాము.

ముందుగా మన దేశం సంగతి. ఇక్కడ నర్సుగా గుర్తింపు పొందడానికి ప్రధానంగా రెండు చదువులున్నాయి. ఒకటి మూడేళ్ల జీఎన్‌ఎమ్ డిప్లొమా. రెండవది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. వేరే డిగ్రీ ఉన్నవారికి ఈ కాలాన్ని తగ్గించే ఏర్పాటు భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో లేదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ అనే మాట విని కొందరు ఆశపడతారు. అది జీఎన్‌ఎమ్ పూర్తిచేసి నర్సుగా నమోదైనవారికే గాని, బీకామ్‌కో బీటెక్‌కో కాదు. కనుక మీ పట్టాభద్రత ఇక్కడ ఒక్క రోజును కూడా తగ్గించదు. మీ దారిని నిర్ణయించేది బీరువాలో ఎక్కడో అడుగున పడి ఉన్న ఇంటర్ మెమో.

బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. మొత్తం మీద 45 శాతం మార్కులు రావాలి. అంటే బైపీసీ చదివినవారికి తలుపు తెరిచి ఉంది. తెలంగాణలో ఈ సీట్లను ఈఏపీసెట్ ర్యాంకు ఆధారంగా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని ఆ పరీక్ష రాయడానికి సిగ్గుపడవలసింది లేదు. అయితే ఇంటర్ బయాలజీ పుస్తకం మళ్లీ తెరవడానికి కనీసం ఒక ఏడాది ముందు నుంచే సిద్ధం కావాలి.

మన ఐటీ సోదరుల్లో ఎక్కువమంది ఎంపీసీవారు. వారికి బీఎస్సీ తలుపు నేరుగా తెరుచుకోదు. జీఎన్‌ఎమ్ మాత్రం ఏ గ్రూపు వారినైనా తీసుకుంటుంది. ఇంటర్‌లో 40 శాతం మార్కులు, ఇంగ్లీషులో కూడా 40 శాతం ఉంటే భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం అర్హులే. ఇక్కడ అడ్డు గ్రూపుది కాదు, వయసుది. 17 ఏళ్లు నిండి ఉండాలి, 35 దాటకూడదు. ముప్పై నాలుగేళ్ల సోదరి "వచ్చే ఏడాది చూద్దాం" అనుకుంటే ఆ వచ్చే ఏడాది ఆమెకు చివరి అవకాశం కావచ్చు. బీఎస్సీయే కావాలనుకునే ఎంపీసీవారికి ఓపెన్ స్కూలు ద్వారా సైన్సు సబ్జెక్టులతో ఇంటర్ మళ్లీ చదివే మార్గముంది. ఓపెన్ స్కూలు సర్టిఫికెట్టును కౌన్సిల్ నిబంధనలు అంగీకరిస్తున్నాయి. అయినా ఫీజు కట్టకముందే, మీ మెమోతో మీకు అర్హత ఉందో లేదో విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటి మాటతో బయలుదేరవద్దు.

రిజర్వేషన్ కూడా ఈ లెక్కలో భాగమే. 2007 నాటి చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం వచ్చింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్, ఖురేషీ, హజ్జామ్, ఫకీర్ వంటి వర్గాలు అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు లేరు. దూదేకులవారు బీసీ-బీలో ఉన్నారు. ఉద్యోగంలో చేరాక కుల ధ్రువీకరణ పత్రం అవసరం పడక చాలామంది దాన్ని పట్టించుకోరు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మీసేవ కేంద్రానికి పరుగెత్తితే పని కాదు. దరఖాస్తుకు ముందే ఆ కాగితం చేతిలో ఉండాలి.

ఇక మోసాల గురించి. "ఆరు నెలల నర్సింగ్", "ఏడాదిలో నర్సు" అనే బోర్డులు మన వీధుల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఆ కోర్సులు చేసినవారు సహాయకులుగా, ఇంటి దగ్గర రోగిని చూసుకునేవారిగా పని చేయవచ్చు. అది గౌరవమైన పనే. కాని వారు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులోకి ఎక్కరు, స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అర్హులు కారు, నర్సుగా విదేశాలకు వెళ్లలేరు. కనుక ఏ సంస్థలోనైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: "ఈ చదువు పూర్తయ్యాక నా పేరు నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదవుతుందా?" జవాబు నాన్చితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఆ తరువాత చూడవలసింది బోధనకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి. అందులో మంచాలెన్ని, రోగులు నిజంగా వస్తారా? ఖాళీ మంచాల మధ్య నర్సింగ్ నేర్చుకోలేరు. సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కళాశాల వంటి చోట సీటు వస్తే తళతళలాడే ప్రైవేటు భవనాన్ని చూసి వదులుకోవద్దు.

విదేశాల సంగతికి వద్దాము. మరో డిగ్రీ ఉన్నవారి కోసం త్వరిత బీఎస్సీ నర్సింగ్‌ను అమెరికాలో 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం ప్రారంభించింది. నేడు అటువంటి కోర్సులు అక్కడ అనేక రాష్ట్రాల్లో ఉన్నాయి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో పూర్తవుతాయి. అయితే ఆ నెలల లెక్కలోకి రానిది ఒకటుంది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం వంటివి ముందే చదివి మార్కులు చూపాలి. ఆ సబ్జెక్టులు లేని ఇంజనీరుకు వాటికే దాదాపు ఏడాది పడుతుంది. చదువు ముగిశాక ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి.

భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో అక్కడున్న మన ఆడపడుచులకు ఈ దారి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు. కాని పని చేయడానికి వేరే అనుమతి కావాలి. సాధారణ నర్సు ఉద్యోగానికి అక్కడ డిగ్రీ తప్పనిసరి కాదు, రెండేళ్ల అసోసియేట్ చదువుతో కూడా నర్సు కావచ్చు. ఆ కారణం చేత ఇంజనీర్లకు దొరికినట్లు నర్సులకు హెచ్-1బీ సులువుగా దొరకదు. ఫీజు కట్టే ముందు వీసా లెక్క వేయాలని మేము పదే పదే చెప్పడం ఇందుకే.

బ్రిటన్‌లో పట్టభద్రులకు రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంది. అక్కడ నర్సుగా నమోదుకు 2300 గంటల క్షేత్ర శిక్షణ నియమం. ముందు చదివినదానికి, చేసిన పనికి కొంత మినహాయింపు ఇచ్చి కాలం తగ్గిస్తారు. అందుచేత రోగుల మధ్య పనిచేసిన అనుభవం దరఖాస్తుకు బలం. జర్మనీది మరో పద్ధతి. అక్కడ మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో నెలకు వెయ్యి యూరోలకు పైగా భృతి ఇస్తారు. కాలం తగ్గదు గాని అప్పు పెరగదు. అక్కడ అసలు ఫీజు జర్మన్ భాషే. బీ1, తరచుగా బీ2 స్థాయి అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు శిక్షణ ఇస్తోంది. ఏజెంటు గుమ్మం తొక్కే ముందు అక్కడ విచారించండి. మైనారిటీల కోసం రాష్ట్రం ఇచ్చే విదేశీ విద్యా సహాయం పీజీ, పీహెచ్‌డీ చదువులకే గాని రెండో డిగ్రీకి వర్తించదన్నది కూడా గుర్తుంచుకోండి.

జీతం గురించి దాపరికం వద్దు. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల వేతనాలు తక్కువన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 మంచాలకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ, 50 మంచాల లోపువి కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. సిఫారసు వేరు, అమలు వేరు. ఇక్కడ ఐటీ జీతానికి అలవాటు పడ్డ కుటుంబం మొదటి కొన్నేళ్లు తగ్గి బ్రతకవలసి ఉంటుంది. చదివే మూడు నాలుగేళ్ల ఇంటి ఖర్చు, ఆ తరువాతి రెండేళ్ల తక్కువ జీతం, ఈ రెండూ కాగితం మీద వేసి ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడండి.

కొందరు తల్లిదండ్రులు "మన ఇంటి ఆడపిల్లకు రాత్రి డ్యూటీలా?" అని అడుగుతారు. అమెరికా వేళల ప్రకారం ఇదే కొండాపూర్ నుంచి తెల్లవారుజామున క్యాబ్‌లో ఇంటికి చేరే కూతురిని అంగీకరించినవారు, వార్డులో రాత్రి గడిపే కూతురిని కాదనడంలో న్యాయం లేదు. దుస్తుల విషయంలో సందేహముంటే చేరకముందే అడగాలి. బ్రిటన్‌లో 2010లో వచ్చిన మార్గదర్శకాలు, చేతులు కప్పుకోదలచినవారికి వాడి పారేసే చేతి తొడుగుల వంటి ఏర్పాటును అనుమతించాయి. అడిగినచోట దారి దొరుకుతుందనడానికి అదొక ఉదాహరణ. మదీనాలో గాయపడినవారికి గుడారం వేసి సేవ చేసిన రుఫైదాను స్మరించుకునే సమాజం నర్సు వృత్తిని చిన్నచూపు చూడటం తగదు.

చివరగా మా విన్నపం. రేపు రాజీనామా రాయవద్దు. రేపు ఇంటర్ మెమో తీయండి. పుట్టిన తేదీ చూసి 35కు ఎన్ని నెలలున్నాయో లెక్కించండి. కుల పత్రానికి దరఖాస్తు చేయండి. సెలవు రోజున ఒక ఆసుపత్రి వార్డులో అనుమతితో కొన్ని గంటలు గడిపి, రక్తాన్నీ వాసననూ ఏడుపునూ భరించగలరో లేదో మీకు మీరే తెలుసుకోండి. ఈ నాలుగూ ఉద్యోగంలో ఉంటూనే చేయవచ్చు. నాలుగింటికీ జవాబు అనుకూలంగా వస్తే అప్పుడు రాజీనామా పత్రం రాయండి. మూడేళ్లయినా, నాలుగేళ్లయినా ఆ దారి మిమ్మల్ని రిజిస్టరు దాకా చేరుస్తుంది.