రాసినవాడికి నోటీసేది?

పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ గారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఢిల్లీలో జరిగిన కథతో మొదలుపెడతాను.

2004 డిసెంబరులో బాజీ డాట్ కామ్ అధిపతి అవనీశ్ బజాజ్‌ను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ఆ సైట్లో ఎవరో అశ్లీల వీడియో అమ్మకానికి పెట్టారు. తీసింది ఆయన కాదు, అమ్మిందీ ఆయన కాదు. హైకోర్టు బెయిలిచ్చింది గానీ కేసు ఏళ్ల తరబడి సాగింది. 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అదీ కంపెనీని ముద్దాయిగా చేర్చలేదన్న కారణంతో.

ఈలోగా 2008లో ఐటీ చట్టాన్ని సవరించారు. 79వ సెక్షన్ కంపెనీలకు గొడుగు పట్టింది. అదే సవరణలో పుట్టిన 66ఎ మాత్రం, చిరాకు కలిగించే రాతకు మూడేళ్ల దాకా జైలంది. కంపెనీ తడవకూడదు, రాసినవాడు ఏమైనా ఫర్వాలేదు!

మన తెలుగునాట కేసూ ఒకటుంది. ఆస్‌బెస్టాస్ రేకులు చేసే విశాఖ ఇండస్ట్రీస్ మీద 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వ్యాసాలొచ్చాయి. సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ కోర్టులో పరువునష్టం కేసు పడింది. రాసినాయనతోపాటు గూగుల్ ఇండియానూ ముద్దాయిని చేశారు. ఆ సేవ నడిపేది అమెరికా కంపెనీ, మేం కాదని గూగుల్ ఇండియా. నోటీసిచ్చినా తీయలేదని విశాఖ. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు, సవరణకు ముందున్న 79వ సెక్షన్ పరువునష్టానికి వర్తించదంది. ప్రచురించింది ఎవరో విచారణలోనే తేలాలంది. వ్యాసాలొచ్చి అప్పటికి పదకొండేళ్లు!

ఇక ఆ 66ఎ సంగతి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ 66ఎని కొట్టేశారు. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా మనిషని ఈ సభలో అనకుండా ఉండలేను. కన్నబిరాన్ గారు 1995 నుంచి 2009 దాకా అధ్యక్షత వహించిన పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కూడా అందులో పిటిషనరే. రద్దయిన సెక్షన్ కిందే పోలీసులు కేసులు కడుతుంటే మళ్లీ కోర్టుకెక్కిందీ ఆ సంస్థే. ఇక ఎవరినీ ప్రాసిక్యూట్ చేయొద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టుతో గట్టిగా చెప్పించుకోవాల్సి వచ్చింది.

శ్రేయా సింఘాల్ తీర్పులో జనం పట్టించుకోని భాగం ఒకటుంది. ఎవరో ఫిర్యాదు చేసినంత మాత్రాన తీయక్కర్లేదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో ఉండాలంది. 69ఎ సెక్షన్ కింద ప్రభుత్వం పోస్టును నిలిపేసేటప్పుడు, రాసినవాడెవరో తెలిస్తే అతని మాటా వినాలంది. మంచిదే. అయితే ఆ సెక్షన్ కింది నిబంధనల్లో, ఫిర్యాదులూ చర్యలూ గోప్యమనే 16వ నిబంధనను అలాగే వదిలేసింది. 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు మొదట ఆదేశం అందిన 36 గంటల్లో తీయమన్నాయి; తీయకపోతే గొడుగు పోతుంది. బజాజ్ గతి చూసిన ఏ కంపెనీ మన వాక్యం కోసం కోర్టుకెళ్తుంది? రాసినవాడికి పోస్టు మాయమయ్యాకే తెలుస్తుంది.

నా దృష్టిలో కంపెనీల జవాబుదారీ అవసరమే, దానికి రహస్యం అక్కర్లేదు. ఇక్కడ వకీళ్లున్నారు, విలేకరులున్నారు. మీ పోస్టు పోతే ఉత్తర్వు నకలు రాతపూర్వకంగా అడగండి. 16వ నిబంధన మార్చమని ఈ సభ తరఫున ఐటీ శాఖకు రాద్దాం. సంతకాలు ఇవాళే పెట్టండి.