కండకు నెత్తురు కాలువ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఏ మడికి ఏ తూమునుండి నీరు పారునో తెలియని రైతు మన ఊర లేడు. అట్లే, ఏ కండరమునకు ఏ ధమనినుండి నెత్తురు పారునో శస్త్రవైద్యుడు ఎరిగియుండవలెను. తీసివేయవలసివచ్చునని భయపడిన కాలు ఆ జ్ఞానముచేత ఎట్లు నిలుచునో నేడు మనవి చేయుదును.

మోకాటి క్రింద కాలి ముందుభాగమును తడిమి చూడుడు. అచ్చట చర్మమునకును ఎముకకును నడుమ కండ లేదు. బండిచక్రము ఎక్కినను, యంత్రములో పడినను చర్మము చీలి ఎముక బయటపడును. పైపొర ఊడిన ఎముకమీద పలుచని చర్మము నతికించినను నిలువదు. దానిని పోషించు నెత్తురు అడుగున లేదు. కావున నెత్తురు పారు కండనే తెచ్చి కప్పవలెను.

ఆ కండ పిక్కలోనే యున్నది. పిక్క పైకండరమునకు రెండు పాయలు. మోకాటి వెనుకనుండి ఒక్కొక్క పాయకు ఒక్కొక్క ప్రధాన ధమని వచ్చి పైకొనయందే ప్రవేశించును. వైద్యుడు ఒక పాయ క్రిందికొనను విడదీసి, పైకొనలోని ధమనిని కాపాడుచు, ముందుకు త్రిప్పి ఎముకపై పరచును. తూము చెడలేదు గనుక మడి ఎండదు. పిమ్మట దానిపై చర్మము నతికింతురు. రెండవ పాయయు, లోపలి మరియొక కండరమును మిగిలియుండుటచే రోగి నడువగలడు.

మొదలు తెంపక త్రిప్పుట మనకు క్రొత్త కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో తీర్చు విధమును సుశ్రుతుడు చెప్పెను. పూనాలో నుదుటి చర్మముతో ముక్కు తీర్చిన వృత్తాంతము 1794లో లండను పత్రికలో వెలువడెను.

అయితే కండరములన్నియు ఒక్కతీరువి కావు. 1981లో మాథెస్, నహాయ్ అను శస్త్రవైద్యులు నెత్తురు వచ్చు తీరునుబట్టి వానిని ఐదు తరగతులు చేసిరి. పిక్క పైకండరము మొదటిది. తొడపై ఏటవాలుగా సాగు సార్టోరియస్ నాల్గవది. దానికి పొడవునా చిన్నకాలువలే. పెక్కింటిని తెంచినచో కండ చచ్చును గనుక దానిని కొంచెమే త్రిప్పవచ్చును. వీపునందలి వెడల్పు కండరము ఐదవది. చంకనుండి పెద్ద ధమని యొకటి, వెన్నువైపునుండి చిన్నవి వచ్చును. చీలమండ చేరువ గాయమునకు దగ్గరలో చాలినంత కండ లేనపుడు, ఈ వీపుకండను పెద్ద ధమనితోను సిరతోను కోసి తెచ్చి, సూక్ష్మదర్శినిలో చూచుచు కాలి నాళములకు కుట్టుదురు.

ప్రతి కాలును నిలుచునని నేను చెప్పను. కాని ఎముక కనబడు గాయమును బూడిదతోను ఆకుపసరుతోను కప్పి ఇంట నుండకుడు. శుభ్రమైన గుడ్డ చుట్టి వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. చికిత్స పొందువారు చుట్ట, బీడీ మానవలెను. పొగాకు సన్నని నెత్తురు నాళములను ముడుచుకొనజేయును, త్రిప్పిన కండకు అవియే ప్రాణము.