ఇసుక దేశానికి దీవుల పేరు

ఆఫ్రికాలో అన్నిటికన్నా పెద్ద దేశం ఏదంటే పాత పుస్తకాలు చదివినవాళ్లు సూడాన్ అనేస్తారు. 2011లో ఆ దేశం రెండుగా చీలాక ఆ స్థానం అల్జీరియాకు దక్కింది. విస్తీర్ణం దాదాపు 23.8 లక్షల చదరపు కిలోమీటర్లు. ఐదింట నాలుగు వంతులకు పైగా సహారా ఎడారే! జనంలో ఎక్కువమంది ఉత్తరాన మధ్యధరా సముద్రతీరం వైపే ఉంటారు. రాజధాని అల్జీర్స్ కూడా అక్కడే. అరబ్బీలో దేశం పేరు అల్ జజాయిర్, అంటే దీవులు. ఇంత ఇసుకలో దీవులేమిటంటారా? అల్జీర్స్ రేవు ఎదుట ఒకప్పుడున్న చిన్న దీవులవి.

1830లో అడుగుపెట్టిన ఫ్రాన్స్, 1962 జులైలో గానీ కదల్లేదు. ఆకుపచ్చ, తెలుపు సగాల జెండా మధ్య ఎర్రని నెలవంక, నక్షత్రం ఉంటాయి. జాతీయగీతం ‘కసమన్’. ఆ మాటకు ‘ప్రమాణం చేస్తున్నాం’ అని అర్థం. కవి ముఫ్దీ జకారియా దాన్ని 1955లో జైలు గదిలో రాశారు. బాణీ ఈజిప్టు సంగీతకారుడు మొహమ్మద్ ఫౌజీది. ఒక చరణం ఫ్రాన్స్‌ను పేరుపెట్టి మరీ నిలదీస్తుంది. జాతీయగీతాల్లో ఇంత సూటిదనం అరుదే.

ఇక జాతీయ జంతువు ఫెన్నెక్ నక్క. కిలోన్నర తూగే ప్రాణికి ఒంటితో పోలిస్తే చాలా పెద్ద చెవులు! ఒంట్లో వేడి వాటిగుండానే బయటికి పోతుంది. అరికాళ్లకూ బొచ్చుంటుంది కాబట్టి మండే ఇసుక మీద నడిచినా కాళ్లు కాలవు. ఫుట్‌బాల్ జట్టునూ అభిమానులు ఫెన్నెక్‌లనే పిలుస్తారు.