ఒకే మిషను, రెండు ఎత్తులు

(రేడియోలో ప్రసారమైన వర్తమానము)

ధ్యాన భాగములు: ఆమోసు 7:7-8, ఆదికాండము 37:3-4

 

నేను, నా భార్య అమెరికాలో టెక్సాస్ రాష్ట్రములో ఉంటున్న మా పెద్దబ్బాయి దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చాము. వాడి యింటి చుట్టూ సుమారు ఎకరము స్థలము. అంతా పచ్చిక. అక్కడ అనేక ఊళ్లలో గడ్డి మితిమీరి పెరిగితే ఊరి అధికారుల నుండి నోటీసు వస్తుంది. అందుచేత వేసవిలో దాదాపు ప్రతి వారమూ కోయాలి. దానికి చిన్న ట్రాక్టరు లాంటి మిషను ఉంటుంది. మనిషి పైన కూర్చుని నడుపుతాడు. సీటు క్రింద బోర్లించిన పళ్లెములాగా ఒక పెద్ద ఇనుప మూత వ్రేలాడుతుంది. దానిని డెక్ అంటారు. దాని లోపల బ్లేడులు గిర్రున తిరుగుతూ గడ్డి కోస్తాయి.

ఒక శనివారము మావాడు కోసిన తరువాత చూస్తే పచ్చిక అంతా మెట్లు మెట్లుగా ఉంది. మిషను ఎడమ ప్రక్క వెళ్లిన చోట గడ్డి ఎత్తుగా నిలిచి ఉంది. కుడి ప్రక్క వెళ్లిన చోట గుండు గీసినట్టు మన్ను కనబడుతోంది. రెండు మూడు రోజుల ఎండకు ఆ చారలన్నీ మాడి గోధుమ రంగుకు తిరిగాయి.

మావాడు మొదట గడ్డి మంచిది కాదన్నాడు. తరువాత నేల మిట్టపల్లాలుగా ఉందన్నాడు. చివరికి పానా తీసుకొని డెక్ నట్లు త్రిప్పబోయాడు. అప్పుడు ప్రక్కింటి పెద్దాయన వచ్చి, "అబ్బాయీ, నట్టు ముట్టుకోవద్దు. ముందు టైర్లలో గాలి చూడు" అన్నాడు.

గేజి పెట్టి చూశాము. మిషనుతో వచ్చిన పుస్తకము ప్రకారము వెనుక టైర్లలో 10 పౌండ్లు ఉండాలి. ఎడమ టైరులో సరిగా 10 ఉంది. కుడి టైరులో 6 మాత్రమే ఉంది. కంటికి రెండూ ఒకేలాగున ఉన్నాయి! డెక్ వ్రేలాడేది మిషను చట్రమునకే గనుక, ఒక టైరు దిగితే ఆ ప్రక్క చట్రము దిగుతుంది, చట్రముతో డెక్, డెక్‌తో బ్లేడు దిగుతాయి. ఆ గాలి చూడకుండా నట్టు త్రిప్పి సరిచేసి ఉంటే ఏమయ్యేది? మరునాడు గాలి కొట్టగానే డెక్ రెండవ ప్రక్కకు ఒరిగేది. ఒక తప్పును దిద్దబోయి మరొక తప్పు చేసినట్టయ్యేది.

గాలి సరిచేసిన తరువాత మిషనును గ్యారేజీలో సమమైన సిమెంటు నేల మీదికి తెచ్చాము. తాళము తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, దళసరి తోలు గ్లౌజులు వేసుకొని గాని ఆ పెద్దాయన బ్లేడు దగ్గర చెయ్యి పెట్టనివ్వలేదు. డెక్ లోపల ఎండిన గడ్డి పిడకలాగా అంటుకొని ఉంది. గోకి తీశాము. బ్లేడు వంగిందేమోనని ఒక కొన నుండి నేలకు ఎంతుందో కొలిచి, బ్లేడును అర చుట్టు త్రిప్పి, రెండవ కొనను అదే చోట కొలిచాము. రెండు కొలతలూ ఒకటైతే బ్లేడు తిన్నగా ఉన్నట్టు. తేడా వస్తే వంగినట్టు. వంగిన బ్లేడును సుత్తితో కొట్టి వాడకూడదు, క్రొత్తది వేయాలి. మాది వంగలేదు గాని మొద్దుబారింది. ఇనుము మొద్దుబారితే ఎక్కువ బలము పెట్టవలసి వస్తుందని ప్రసంగి 10:10లో చదువుతాము గదా! మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. పదును పెట్టి, మధ్య రంధ్రములో మేకు దూర్చి వ్రేలాడదీస్తే ఏ ప్రక్క బరువో తెలిసింది. ఆ ప్రక్క ఇంకొంచెము ఆకురాయి పట్టాము.

అప్పుడు, అన్నిటికంటె చివర, డెక్ మట్టము. బ్లేడులను అడ్డముగా త్రిప్పి, ఎడమ కొన నుండి నేలకు, కుడి కొన నుండి నేలకు కొలిచాము. రెంటికీ తేడా అంగుళములో 8వ వంతుకు మించకూడదట. గాలి సరిచేయుటతోనే చాలా వరకు సరిపోయింది. మిగిలిన కొద్దిపాటికి నట్టు అర చుట్టు చాలింది.

ఆ పని చేస్తూ నేల మీద కూర్చుని, మా పెద్దబ్బాయి నవ్వుతూ అన్నాడు: "నాన్నగారూ, చిన్నప్పుడు మన యింట్లో నా ప్రక్క కూడా ఇలాగే కోసేవారు."

ప్రియ శ్రోతలారా, వాడు నవ్వాడు గాని నేను నవ్వలేకపోయాను. వాడికి లెక్కల్లో 70 మార్కులు వస్తే రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వాడి తమ్ముడికి 50 వస్తే, "చిన్నవాడులే" అన్నాను. ఒకే తండ్రిని. ఒకే యిల్లు. ఒకే ప్రార్థన. అయినా ఒకడిని మన్ను కనబడేదాకా కోశాను.

ఎందుకు? పెద్దవాడు పెరిగే రోజుల్లో నేను పరిచర్యకు క్రొత్త. పాస్టరు గారి కొడుకు ఇలా ఉన్నాడేమిటని సంఘము అంటుందేమో అని భయము. ఆ భయమే నాలో గాలి దిగిన టైరు. పైకి ఎవరికీ కనబడలేదు. నాకే కనబడలేదు. దానిని చూచుకోకుండా ఇన్నేళ్లు నా కొడుకు మీద నట్లు బిగిస్తూ వచ్చాను.

ఇస్సాకు ఏశావును ప్రేమించాడు, రిబ్కా యాకోబును ప్రేమించింది. ఆ యింట్లో పెరిగిన యాకోబు, తాను తండ్రి అయిన తరువాత యోసేపుకు మాత్రమే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించాడు. మిగిలిన అన్నలు ఆ తమ్మునితో సమాధానముగా మాటలాడలేకపోయారు. చూశారా, సరిచేయని ఒరుగు తండ్రి నుండి కుమారునికి దిగుతుంది.

ఆమోసు ప్రవక్తకు ప్రభువు మట్టపు గుండు చేతపట్టుకొని గోడ దగ్గర నిలిచినట్టు కనబడ్డాడు. గోడ కట్టే తాపీమేస్త్రి కూడా తన కంటిని నమ్మడు, గుండు వ్రేలాడదీసి చూస్తాడు. మనము ఎగుడు దిగుడు నేల మీద మిషను పెట్టి కొలిస్తే ఎన్నిసార్లు కొలిచినా తప్పే వస్తుంది. నా కోపము మీద నిలబడి నా బిడ్డను కొలిస్తే తప్పే వస్తుంది. లోకుల మాట మీద నిలబడి కొలిచినా తప్పే. దేవుని వాక్యమే సమమైన నేల. అక్కడ ముందు కొలవవలసింది ఎదుటివాని కంటిలోని నలుసును కాదు, నన్ను.

ఆ రాత్రి నా కొడుకును క్షమాపణ అడిగాను. "నాన్నగారూ, అదేమిటి, వదిలేయండి" అన్నాడు. కాని వాడి కళ్లు చెమర్చాయి. ఒక్క మాటతో అంతా సరిపోయిందని నేను చెప్పను. మిషను ఆ సాయంత్రమే బాగైంది. మాడిన గడ్డి మాత్రము ఆ సాయంత్రమే పచ్చబడలేదు. నీళ్లు పెడుతూ వారాల తరబడి కనిపెట్టవలసి వచ్చింది. మేము తిరిగి వచ్చే నాటికి ఇంకా అక్కడక్కడ చారలు ఉన్నాయి. కాని వేళ్లు చావలేదు. వేళ్లు ఉన్నంత కాలము నిరీక్షణ ఉన్నది.

తండ్రులారా, తల్లులారా, సంఘ పెద్దలారా! మీ చేతి క్రింద ఎవరి ప్రక్క ఎండిపోతోంది? ఇద్దరు కోడళ్లలో ఒకరా? కొడుకు, కూతురులలో కూతురా? సంఘములో పేదవాడా? వారిని తిట్టకముందు, వారిని మార్చబోకముందు, ఈ వారము ప్రభువు సన్నిధిని మిమ్మును మీరు కొలుచుకొనుడి. తరువాత వెళ్లి వారితో మాట్లాడుడి. ఆలస్యమైనదని మానవద్దు.

ప్రార్థన చేసికొందము.

కృపగల తండ్రీ, పక్షపాతము లేని దేవా, నీ మట్టపు గుండు మా హృదయముల ప్రక్కను ఉంచుము. మేము చూడలేని లోటును మాకు చూపించుము. మా వలన గాయపడిన వారిని నీవే స్వస్థపరచుము. వారి యెదుట తగ్గించుకొను మనస్సు మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.