గనిపనివారి బొమ్మలు



బొమ్మలను గూర్చి రేడియోలో మాటాడ నంగీకరించితినని చెప్పగానే మా యింట నందరును నవ్విరి. ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. షేక్‌పేటలోని మా యింటిలో పుస్తకముల బీరువా పై అరను ఖాళీ చేయించి, అందు నాలుగు సెంటీమీటర్ల యెత్తుగల ప్లాస్టిక్ మనుష్యులను బారులు తీర్చి, వారమున కొకసారి మెత్తని కుంచెతో దుమ్ము తుడుచు పెద్దమనిషిని నేనే. వారి తలలపై దీపపు టోపీలు, చేతులలో పికాసులు. వారు గనిపనివారు. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను ఊరిలో పుట్టిన లెగో సంస్థ 2009లో "పవర్ మైనర్స్" అను పేర వెలువరించి 2010తో ఆపివేసిన వరుసలోనివారు.

ఆ సంస్థకు మూలపురుషుడు ఒక వడ్రంగి. ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనునాతడు 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. మన కొండపల్లివారు పొణికి కఱ్ఱతో చేయు పనియే అక్కడను మొదటి పని యని తెలిసినపుడు నాకు కొంత సంతోషము కలిగినది. ఒకదానిలో నొకటి బిగిసికొను ఇటుకకు 1958లో పేటెంటు పుచ్చుకొనిరి. నేడు మనము చూచు చిన్న మానవాకృతి 1978లో వచ్చినది.

నాకీ వ్యసనము అంటిన విధము వినుడు. 2009లో నా బావమఱది అమెరికానుండి వచ్చుచు, ఎనిమిదేండ్ల మా అబ్బాయికి ఒక పెట్టె తెచ్చెను. దానిపేరు "గ్రానైట్ గ్రైండర్", సంఖ్య 8958. అపుడు మా యింటి వెనుక స్థలమున నిజమైన గ్రానైటునే పగులగొట్టుచుండిరి. జూబిలీ హిల్సు, ఫిలింనగరు, షేక్‌పేట, ఇవన్నియు ఆ శిలలమీద లేచినవే. వానికి సుమారు 250 కోట్ల యేండ్ల వయస్సు. ప్రొద్దుటినుండి డ్రిల్లు మ్రోత, మధ్యాహ్నమున మందు పేలుడు, వంటయింటిలో గిన్నెల గలగల. మా వాడు ప్రహరీగోడపై తన యంత్రమును నడుపుచు, అవతల నున్న మనుష్యుని చూచుచుండెడివాడు. బొమ్మకు దీపపు టోపీ కలదు. అవతలివాని తలకు తువ్వాలు మాత్రమే కలదు. "ఆయనకు టోపీ ఎందుకు లేదు, నాన్నా?" అని వాడడుగగా నేనేదో చెప్పి తప్పించుకొంటిని.

ఆ బొమ్మల కథ యిది. భూమి కంపించుచుండగా కారణము వెదకుచు డాక్, డ్యూక్, రెక్స్, బ్రెయిన్స్ అను గనివీరులు పాతాళమునకు దిగుదురు. అచట రాతిరాక్షసులు స్ఫటికములు మేయుచుందురు. ఎఱ్ఱనివాడు మెల్ట్రాక్స్, నీలపువాడు గ్లేసియేటర్. 2010 నాటి పెట్టెలలో కథ లావాలోనికి దిగి, అచటనే సమాప్తమైనది. మా అబ్బాయి యెప్పుడును రాక్షసుల పక్షమే. "వాళ్ళ ఇంట్లోకి వీళ్ళే వెళ్ళారు గదా!" అనెడివాడు. ఆ వాదమునకు నాకిప్పటికిని సమాధానము దొరకలేదు.

వాడు పెరిగి చదువునకై వెడలిన పిదప అటక శుభ్రము చేయుచుండగా ఆ మనుష్యులు బయటపడిరి. ఒకనికి చేయి లేదు. ఒకని టోపీ పోయినది. డాక్ మాయమై యుండెను. ఆ లోటు పూరింపవలెనని మొదలిడిన పనియే సేకరణమైనది. ఇందు ఒక రహస్యము కలదు. ఇటుక పోయినచో చింత లేదు; 1958 నాటి ఇటుక నేటి యిటుకతో బిగియును గనుక వేఱొక పెట్టెనుండి తెచ్చుకొనవచ్చును. రొమ్ముపై అచ్చువేసిన దుస్తు, ముఖముపై గీసిన గడ్డము, రాక్షసుని శరీరపు అచ్చు మాత్రము ఆ వరుసతోనే పోవును. కావున సేకర్తలు యంత్రములను విడిచి మనుష్యులను వెదకుదురు. వేసవి యెండ తగిలిన తెల్లని భాగములు పసుపెక్కును. భుజముల క్రింద సన్నని చీలిక పడును. నకిలీలును కలవు. ఒక వర్తకుడు నాకు డాక్ అని యిచ్చినవాని తలపైని బుడిపెపై సంస్థ పేరు లేదు, కాళ్ళు వదులు. అచ్చమైనదానిపై ఆ పేరు భూతద్దమునకు కనబడును. ఆ వర్తకునితో జగడమాడి ప్రయోజనము లేకపోయినది.

పెట్టె విప్పక దాచువారును సేకర్తలలో కలరు. విప్పనిదానికే వెల యెక్కువ. ఆడని బొమ్మకు వెల యెక్కువగుట నాకెన్నడును రుచింపలేదు. అయినను సేకర్తల మఱియొక నియమమును నేను పాటించితిని: ఉన్న బొమ్మకు రంగు పూయరాదు, అతికింపరాదు, ఏ మార్పును చేయరాదు.

పాతవరుస వెదకుచు ఇంకను వెనుకకు పోతిని. 1999లో "రాక్ రైడర్స్" అను గనివరుస వచ్చి అదియు త్వరలోనే ముగిసినది. అందలి ఆర్గురిలో జెట్ అను స్త్రీ కలదు. మన దేశమున 1952 నాటి గనుల చట్టము స్త్రీలకు భూగర్భపు పనిని నిషేధించెను. 2019లో గాని ఆ ద్వారము తెఱువబడలేదు. బొమ్మ యిరువదియేండ్లు ముందు దిగినది.

మా అమ్మ సంక్రాంతికి కొలువు పెట్టును. కొండపల్లి దశావతారములు, అంబారీయేనుగు, తాడిచెట్టెక్కు గీతవాడు, తిరుగలి విసరు స్త్రీ, అందరును కలరు. నేను చూచిన యే కొలువునను గనిపనివాడు లేడు. ఈ షేక్‌పేటకు కూతవేటు దూరమున నున్న గోలకొండకు కీర్తి తెచ్చిన వజ్రములు కృష్ణయొడ్డున కొల్లూరులో త్రవ్వినవి. 17వ శతాబ్దమున అచట అఱువదివేలమంది పనిచేసిరని టావెర్నియే వ్రాసెను. యెల్లందు ప్రాంతమున 1871లో బొగ్గు కనుగొనబడినది. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడినది. తట్ట, చెమ్మసు పట్టి ఆ బొగ్గు నెత్తినవారెందఱో! వారిలో ఒక్కడును మెట్టెక్కలేదు. ఒక యేడు మా అమ్మతో ఈ మాట చెప్పగా, ఆమె ఆలోచించి, "క్రింది మెట్టున చోటున్నది, తీసికొనిరా" అనెను. నలుగురును (డాక్ అప్పటికి దొరకెను) గీతవాని ప్రక్కన నిలిచిరి.

పేరంటమునకు వచ్చిన స్త్రీలు నవ్విరి. వారిని తోడ్కొనిపోవ వచ్చినవారిలో కొత్తగూడెము గనులలో ముప్పదియేండ్లు దిగి విశ్రాంతి గొన్న వృద్ధుడొకడు ఉండెను. ఆయన మెట్టు చెంత చతికిలబడి, రెక్స్‌ను అఱచేత నుంచుకొని చాలసేపు చూచెను. "దీపమున్నది సరే, బాబూ! బ్యాటరీ యేది?" అనెను. నాకర్థము కాలేదు. టోపీదీపమునకు బ్యాటరీ నడుమున కట్టుకొందురట. దానినుండి తీగ వీపుమీదుగా తలకు పోవునట. ఆ బరువు నడుమున లేనివాడు గనిపనివాడెట్లగునని ఆయన సందేహము. షిఫ్టు దిగి బ్యాటరీ విప్పిన పిమ్మటగూడ చాలసేపు నడుము ఒకప్రక్కకు ఒరగియుండెడిదని లేచి నడచి చూపెను.

తరువాత అగ్గిపెట్టె అట్టను గోటితో చిన్నముక్కగా చించి, మా అమ్మ పూలబుట్టలోని నల్లదారముతో రెక్స్ నడుమునకు బిగించెను. దారపు కొసను వీపుమీదుగా టోపీలోనికి దోపెను. సేకర్తల లెక్కలో ఆ బొమ్మ అంతటితో చెడినది. ఆయన దానిని మరల మెట్టుపై నిలిపి, గీతవానికంటె ఒక యంగుళము ముందునకు జరిపెను.

నేటికిని బీరువాలో రెక్స్ అట్లే యున్నాడు. దుమ్ము తుడుచునపుడు దారము ఊడకుండ కుంచెను ప్రక్కగా పోనిచ్చుచున్నాను.