సొట్టపడిన అంబాసిడరు

పద్యపఠనములు జరుగు ఈ వేదికపై మోటారుకారును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ద్వారకలో మా యింటిముందుండు అంబాసిడరును మీలో పలువురు ఎరుగుదురు. అది ఎట్లు బాగుపడెనని అడుగనివారు లేరు. ఒక్కొక్కరికి వేర్వేరుగా చెప్పుటకంటె అందరికి ఒక్కసారి చెప్పుట మేలని కార్యదర్శిగారు సెలవిచ్చిరి.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివర ఆరంభించి 2014 వరకు తయారుచేసిన బండి యిది. సచివాలయపు ఆవరణలలో తెల్లని అంబాసిడరులు బారులు తీరిన దినములు మన పెద్దలకు జ్ఞప్తిలో నున్నవి. మాది మార్కు-2; 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను. 1968లో మా తాతగారు విజయవాడలో కొనిరి. మా మేనత్త అప్పగింతలైన పిదప అత్తవారింటికి వెళ్లినది దానిలోనే. నాన్నగారికి ఢిల్లీలో ఉద్యోగమైన పిమ్మట అది రైలుమీద ఇచ్చటికి చేరినది.

పదునైదేండ్లు దాటిన వాహనములు ఢిల్లీ వీధులలో తిరుగరాదని 2014లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆజ్ఞాపించెను. పెట్రోలు బండ్ల విషయమున 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచెను. మా కారు కదలక నిలిచెను. 2021లో కేంద్ర రవాణాశాఖ, యాబదియేండ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య నొసగు నియమములు చేసెను. ప్రదర్శనలకు, రాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుటకు వానిని నడుపవచ్చును. నిత్యము కచేరికి పోరాదు. బండి మాత్రము మొదటి రూపముననే యుండవలెను. ఛాసీని గాని, పైకట్టును గాని, ఇంజనును గాని మార్చరాదు. ఆ సంఖ్యను మేము సంపాదించితిమి.

2023 జనవరిలో ఒక తెల్లవారుజామున, దట్టమైన పొగమంచులో, నిలిచియున్న కారును ఒక సరకులబండి వెనుకనుండి ఢీకొనెను. డిక్కీ లోనికి పోయెను. ఎడమ మడ్‌గార్డు ముడుచుకొనెను.

ఐదేండ్లు దాటిన బండి వెల బీమాసంస్థకును యజమానికిని గల ఒడంబడికపై నిర్ణయమగును. మరమ్మతు ఖర్చు ఆ వెలలో 75 శాతమును మించినచో బండి పూర్తిగా నష్టమైనట్లే. మా బండి లెక్క అట్లే తేలెను. సొమ్ము పుచ్చుకొని తుక్కునకు వదలుటయా, స్వంతఖర్చుతో నిలుపుటయా? “ఆ డబ్బుతో వంటిల్లు బాగుచేయించవచ్చును గదా” అని నా శ్రీమతి అన్నది. ఆ మాటలో తప్పేమియు లేదు. అమ్మగారు ఏమియు అనలేదు; టార్పాలిను తెప్పించి కారుపై కప్పించిరి. అంతటితో చర్చ ముగిసెను.

మాయాపురి పాతసామానుల బజారునుండి మరియొక అంబాసిడరు వెనుకసగము కోసి తెచ్చి, నాలుగు దినములలో అతికెదమని ఇద్దరు మిస్త్రీలు చెప్పిరి. లారీకివలె అంబాసిడరునకు విడిచట్రము లేదు. పైకట్టే బరువు మోయును. దానిని కోసినచో బండి బలమును, ‘వీఏ’ సంఖ్యయు రెండును సందేహమున పడును. అంతకుమించి, సగము వేరొకరిదైన కారును తాతగారిదని ఎట్లు చెప్పుకొందుము?

మూడవవాడు వృద్ధుడు. మనవైపు టింకరు అందుము, ఇచ్చట డెంటరు అందురు. అతడు మొదటి దినమున సుత్తి పట్టనేలేదు. తాపీమేస్త్రీలు గోడకు వ్రేలాడదీయు గుండును కారు అడుగున అచ్చటచ్చట వ్రేలాడదీసి, నేలపై సుద్దతో గుర్తులు పెట్టి, మూలనుండి మూలకు టేపుతో కొలిచెను. వెనుక ఎడమవైపు కమానుపట్టీ బిగించుచోటు వంగినట్లు అప్పుడు తెలిసెను. దానిని మెల్లగా వెనుకకు లాగించిన పిదపనే రేకుపని మొదలిడెను. రేకు క్రింద ఇనుపదిమ్మె పట్టి పైనుండి సుత్తితో కొట్టెను. సాగిన రేకును ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దగా అది ముడుచుకొనును. లప్పము దట్టముగా పూసి సొట్టలు కప్పుట నేటి వాడుక. ఏడాది తిరుగకమున్నే అది బీటలు వారును. అతడు కాగితమంత పలుచగా మాత్రమే పూసెను. ఐదునెలలు పట్టెను. వంటిల్లు ఇంకను పాతదే.

వెనుక ఎడమదీపపు ఎర్రమూత మాత్రము ఢిల్లీలో ఎచ్చటను దొరకలేదు. సెలవులలో విజయవాడ పోవువారెవరైన ఆటోనగరులో మార్కు-2 దీపము కనబడినచో, వెల ఎంతయని బేరమాడక కొని తేవలసినదిగా ప్రార్థించుచున్నాను.