పాదం చూడాలంటే వంగాలి

ఈరోజు నర్సులుగా పట్టా అందుకుంటున్న పిల్లలకు అభినందనలు.

ఊరిగాం వస్తుంటే దారిలో సైనైడ్ దిబ్బలు కనిపించాయి. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. గనిపని అనగానే అందరూ దుమ్ము గురించి, ఊపిరితిత్తుల గురించి మాట్లాడతారు. చేతుల సంగతి ఎవరూ అడగరు. రాయి తొలిచే డ్రిల్లును ఏళ్ల తరబడి పట్టుకుంటే, ఆ అదురుకు వేళ్ల నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయి. అమెరికాలో ఇండియానా రాతి క్వారీల కార్మికుల వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారడాన్ని డాక్టర్ అలిస్ హామిల్టన్ 1918లోనే పరిశీలించారు.

మొద్దుబారడానికి కారణం డ్రిల్లు ఒక్కటే కాదు. రేపు మీ దగ్గరికి వచ్చే పెద్దాయన రోగం పేరు చెప్పడు. "చెప్పు జారిపోయినా తెలియట్లేదమ్మా" అంటాడు. ముందు షుగరు చూడండి. రెండు పాదాల్లోనూ మొదలై పైకి పాకే తిమ్మిరికి ఎక్కువగా అదే కారణం. తాగుడు అలవాటు ఉందేమో అడగండి. మాంసం, పాలు ముట్టనివాళ్లకూ, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మింగుతున్నవాళ్లకూ బి12 తగ్గి ఉండొచ్చు. బొటనవేలు, పక్క రెండు వేళ్లు రాత్రిళ్లు తిమ్మిరెక్కి, లేచి చెయ్యి విదిలిస్తే సర్దుకుంటుందా? మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే కుష్టును మరవొద్దు. మందులతో నయమయ్యే జబ్బది. మన కోలారు జిల్లాలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "ఏ బోరు నీళ్లు తాగుతారు?" ఏళ్లకేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వెన్నెముక గట్టిపడి, వెన్నుపామును నొక్కి, కాళ్లు మొద్దుబారే ప్రమాదం ఉంది.

హఠాత్తుగా ఒక పక్క చెయ్యీ కాలూ స్పర్శ తప్పినా, రెండు కాళ్ల నీరసం గంటగంటకూ పైకెక్కుతున్నా ఆలోచించకండి, పెద్దాసుపత్రికి పంపండి.

నొప్పి మనిషిని ఆసుపత్రికి లాక్కొస్తుంది. మొద్దుబారిన కాలు లాక్కురాదు. ముల్లు దిగినా ఊరుకుంటుంది, పుండు ముదిరినా ఊరుకుంటుంది. అందుకే బీపీ పట్టీ చుట్టే ముందు చెప్పులు విప్పించండి. వేళ్ల సందులు చూడండి, అరికాలు తాకి "తెలుస్తోందా?" అని అడగండి.

పాదం చూడాలంటే వంగాలి. ఛాంపియన్ రీఫ్ గనిలో మీ తాతలు మూడు కిలోమీటర్లకు పైగా కిందికి దిగారు. నేను మిమ్మల్ని దిగమనేది మంచం ఎత్తు మాత్రమే.